మెట్టలో బ్యారన్ పొయ్యి: మరమ్మతు ఖర్చు ఎవరిది?

గోదావరి జిల్లాలకు పొగాకు కొత్త కాదు, పొగాకుకు నిప్పు పెట్టడం కొత్త. నది మధ్య లంకల్లో, వరద వదిలిపెట్టిన ఒండ్రులో పెరిగే లంక పొగాకుకు పొయ్యి అక్కర్లేదు. కోసిన ఆకును పందిట్లోనో పాకలోనో వేలాడదీస్తే మిగతా పని గాలీ నీడా చూసుకుంటాయి. ఆ ఆకుతో చుట్టిన చుట్టలు పంతొమ్మిదో శతాబ్దంలోనే సముద్రాలు దాటాయి. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్, బూడిద చూసి చుట్ట ఏదో చెప్పగలనంటూ ఉదాహరణగా తీసుకున్నది మన లంక చుట్టనే. నది ఒడ్డు వదిలి పడమటి మెట్టకు ఎక్కితే, దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పండేది వేరే పొగాకు. సిగరెట్టుకు వెళ్ళే వర్జీనియా ఆకు అది. పొలంలో ఎంత బాగా పండినా సరే, అయిదారు రోజుల పాటు లెక్క ప్రకారం వేడి తగలకపోతే అది సరుకే కాదు. అందుకే ఆ ఊళ్ళ పొలాల్లో కిటికీలు లేని ఎత్తయిన ఇటుక గదులు కనిపిస్తాయి. వాటినే బ్యారన్‌లంటారు. ఒక్కో బ్యారన్‌కు ఒక పొయ్యి, ఆ పొయ్యికి ఏటేటా ఒక మరమ్మతు.

పొగాకు చరిత్ర రాసినవాళ్ళు విత్తనం గురించి, ధర గురించి, కంపెనీల గురించి, వేలం గురించి రాశారు. పొయ్యి మరమ్మతును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తాపీ మేస్త్రి కూలి, నాలుగు రేకు గొట్టాలు, బండెడు ఇటుక, కాస్త మట్టి: ఇందులో చరిత్ర ఏముందనిపిస్తుంది. కానీ మెట్ట రైతు లాభనష్టాలు ఎక్కడ తేలాయో అర్థం కావాలంటే ఈ చిల్లర ఖర్చునే పట్టుకోవాలని నా వాదన. పొయ్యి బాగుంటే దక్కే ఫలం అటు కంపెనీకి, ఇటు అడవికి, మధ్యలో కౌలుదారుకు పంచుకుపోయింది. దాన్ని బాగుచేసే ఖర్చు మాత్రం మొదటినుంచీ ఒక్కడి మీదే, బ్యారన్ సొంతదారు మీదే పడింది. ఫలమూ ఖర్చూ వేర్వేరు చేతుల్లో ఉన్న చోట మరమ్మతు వాయిదా పడుతుంది. మెట్టలో దశాబ్దాలుగా జరిగింది అదే. 'పొయ్యి బాగుచేయించడానికి ఎంతవుతుంది?' అని అడిగేవాడు అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: చేయించకపోతే ఎంత పోతోంది, అది ఎవరి జేబులోంచి పోతోంది?

ముందు ఆ గది సంగతి. పాత తరహా బ్యారన్ పదహారడుగుల పొడవు, అంతే వెడల్పు, దాదాపు అంతే ఎత్తు. కొంచెం ఉన్నవాళ్ళు పొడవును ఇరవైనాలుగు అడుగులకు పెంచుకున్నారు. లోపల నేల నుంచి కప్పుదాకా అంతస్తులుగా వాసాలు, వాటి మీద వెదురు కర్రలు, కర్రలకు కట్టిన పచ్చి ఆకు. పొయ్యి నోరు గోడ బయట ఉంటుంది. అందులో మండే కట్టెల వేడి గదిలోకి నేరుగా వెళ్ళదు. రేకు గొట్టాల్లోకి దూరి, నేల మీద గదంతా చుట్టి, వెనక్కి వచ్చి పొగగొట్టం గుండా పైకి పోతుంది. గొట్టం వేడెక్కుతుంది, గొట్టం చుట్టూ ఉన్న గాలి వేడెక్కుతుంది, ఆ గాలి ఆకు మధ్య నుంచి పైకి లేచి కప్పు దగ్గరి వెంటిలేటర్ల ద్వారా తేమను మోసుకుపోతుంది. పొగ ఆకును తాకకూడదు, పద్ధతి మొత్తంలో కిటుకు అదే. మొదటి రోజున్నర, రెండు రోజులు వంద ఫారన్‌హీట్ డిగ్రీల లోపు ఉంచి ఆకు పచ్చదనం పోయి పసుపు తిరిగేదాకా ఆగాలి. తర్వాత వేడి మెల్లగా పెంచుతూ ఆ రంగు నిలబెట్టాలి, ఆకు రెక్క ఆరాలి. చివరికి నూటయాభై, నూటఅరవై డిగ్రీల దాకా తీసుకెళ్ళి నడిమి ఈనె కూడా పెళుసెక్కేలా ఎండబెట్టాలి. ఈ అయిదారు రోజులూ రాత్రింబవళ్ళు పొయ్యి దగ్గర మనిషి ఉండాల్సిందే. వేడి ఒక్కసారిగా ఎగిసినా, తెల్లవారుజామున కునుకుపట్టి చల్లబడినా ఆకు రంగు దెబ్బతింటుంది. అంతపని చేసే మనిషి చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే, ఆ పొయ్యి.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో. 1839లో ఉత్తర కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో స్టీఫెన్ స్లేడ్ అనే బానిస, పొగాకు ఎండబెట్టే కొట్టంలో ఆరిపోతున్న నిప్పును నిలబెట్టడానికి బొగ్గులు వేశాడనీ, ఆ వేడికి ఆకు పసుపురంగు తిరిగిందనీ చెబుతారు. నేల మీద బొగ్గులు పరిచే పద్ధతి పోయి గొట్టాలు రావడానికి మరో పాతికేళ్ళకు పైనే పట్టింది. మన దేశంలోకి దాన్ని తెచ్చింది సిగరెట్టు కంపెనీలు. ఇంపీరియల్ టొబాకో కంపెనీ 1910లో ఇక్కడ మొదలైంది, ఆకు కొనుగోలు కోసం 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. తెలుగువాళ్ళు ఐఎల్‌టీడీ అని పిలిచేది దీన్నే. 1919 నుంచి బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకు దిగుమతి సుంకంలో రాయితీ ఇవ్వడంతో గుంటూరు నల్లరేగళ్ళలో వర్జీనియా సాగు ఊపందుకుంది, ఊరూరా బ్యారన్‌లు లేచాయి. గోదావరి మెట్ట వంతు ఆ తర్వాత వచ్చింది. కొనుగోలుదారులకు తేలికపాటి ఆకు మీద మక్కువ పెరిగినకొద్దీ సాగు నల్లరేగడి నుంచి ఇసుక కలిసిన తేలిక నేలలకు జరిగింది, బోర్ల నీళ్ళు దొరికే పశ్చిమ గోదావరి మెట్ట దానికి సరిగ్గా సరిపోయింది. టొబాకో బోర్డు పరిభాషలో ఇది నార్తర్న్ లైట్ సాయిల్స్, వాడుకలో ఎన్‌ఎల్‌ఎస్ ప్రాంతం. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లోనే రాజమండ్రిలో ఏర్పడింది, మెట్ట నేలల కోసం జీలుగుమిల్లిలో దాని పరిశోధన కేంద్రం ఉంది. అంటే పొయ్యి గురించి తెలిసినవాళ్ళు రైతుకు బస్సు ప్రయాణమంత దూరంలోనే ఉన్నారు. ఈ సంగతి తర్వాత అవసరపడుతుంది.

పొయ్యిలో పాడయ్యేదేమిటి? మట్టీ ఇటుకా పాడవుతాయి గానీ అవి తిరిగొచ్చే నష్టం. లోపలి వరస ఇటుకలు వేడికి పగిలి రాలిపోతే మేస్త్రి రెండు రోజుల్లో కట్టేస్తాడు. గ్రేటు ఊచలు వంగితే మార్చుకోవచ్చు. అసలు గుండె గొట్టాల్లో ఉంది. సీజన్ జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది, తర్వాత ఏడెనిమిది నెలలు బ్యారన్ ఖాళీ. ఆ ఖాళీలోనే వానాకాలం వస్తుంది. గొట్టాల అడుగున మిగిలిపోయిన కట్టె బూడిద గాలిలో తేమను పీల్చుకుని రేకును అంటిపెట్టుకుని కూర్చుంటుంది. మంట రేకును తిన్న దానికన్నా ఈ తడి బూడిద తిన్నదే ఎక్కువ. బయట చూస్తే గొట్టం నిక్షేపంగా ఉంటుంది, అడుగున వేలితో నొక్కితే పెళ్ళలు రాలతాయి. పొయ్యిని ఆనుకుని ఉన్న మొదటి గొట్టం కథ వేరు, దానికి మంట నేరుగా తగులుతుంది కాబట్టి అన్నిటికన్నా ముందు అదే కాలిపోతుంది. దాన్ని మందపాటి రేకుతో చేయించుకున్నవాడు మిగతా వరస మీద మిగుల్చుకుంటాడు. గొట్టానికీ గొట్టానికీ మధ్య అతుకులు మట్టితో మెత్తుతారు, ఆ మెత్తుడు ఎండి బీట వేస్తే అక్కడినుంచి పొగ లీకవుతుంది. కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఆకు ఎక్కించకముందు ఖాళీ బ్యారన్‌లో పొయ్యి రగిల్చి కాస్త తడిగడ్డి వేస్తే, లోపల ఏ అతుకు దగ్గర పొగ తేలుతోందో కంటికి కనిపిస్తుంది. గంటసేపటి పని. సీజన్ ముంగిట్లో ఆ గంట దొరకకపోవడం వెనుకే నా వాదనంతా ఉంది.

చిల్లి పడిన గొట్టం వల్ల నష్టం మూడు దారుల్లో వస్తుంది. పొగ ఆకును తాకితే రంగు మసకబారుతుంది, కమురు వాసన పడుతుంది, వేలం కేంద్రంలో బ్రైట్ గ్రేడు పలకాల్సిన బేళ్ళు మీడియంలోకో, లో గ్రేడులోకో జారతాయి. చిల్లిలోంచి నిప్పురవ్వ ఎగిరినా, కర్ర జారి ఎండాకు ఎర్రటి గొట్టం మీద పడినా బ్యారన్ మొత్తం తగలబడుతుంది. చివరి రోజున లోపలున్నదంతా పెళుసుగా ఎండిన ఆకే కాబట్టి ఆర్పడానికి వ్యవధి ఉండదు. ఈ రెండూ అందరికీ తెలిసినవే. మూడోది కట్టెల నష్టం. అది కంటికి కనబడదు గనక ఎవరూ లెక్కలో వేసుకోరు, నిజానికి అన్నిటికన్నా పెద్దది అదే.

లెక్క వేసి చూద్దాం. పచ్చి ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే. ఒక కిలో ఎండాకు రావాలంటే అయిదారు కిలోల నీటిని ఆవిరి చేయాలి. ఆ నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి, ఒక కిలో ఎండు కట్టె పూర్తిగా మండితే వచ్చే వేడికి ఇంచుమించు సమానం. అంటే కాగితం మీద కిలో ఆకుకు కిలో కట్టె చాలు. పాత బ్యారన్‌లు తిన్నది నాలుగైదు కిలోలు. మిగతా మూడు నాలుగు కిలోల వేడి గోడల్లోంచి, కప్పులోంచి, పొగగొట్టంలోంచి, సరిగ్గా మూయని వెంటిలేటర్లలోంచి, మసి పేరుకున్న గొట్టాలు వేడిని గదిలోకి వదలకపోవడం వల్ల ఆకాశంలోకి పోయింది. ఒక బ్యారన్ మీద సీజన్‌కు ముప్ఫై క్వింటాళ్ళ ఆకు తీస్తున్నారనుకుందాం, కిలోకు నాలుగున్నర కిలోల కట్టె అనుకుందాం. పదమూడున్నర టన్నుల కట్టె. గొట్టాలూ అతుకులూ గ్రేటూ సరిచేస్తే అందులో పదో వంతు మిగిలినా టన్నుకు పైనే. మరమ్మతు బిల్లు ఎంతో చెప్పమంటే ప్రతి రైతూ చెప్పగలడు. ఈ టన్ను కట్టెల బిల్లు ఏ పుస్తకంలోనూ విడిగా ఉండదు, 'కట్టెలు' అనే పద్దు కింద మిగతా పన్నెండు టన్నులతో కలిసిపోతుంది. ఏటా వచ్చే ఈ నష్టం మూడు నాలుగేళ్ళు పోగైతే, మార్చకుండా వదిలేసిన గొట్టాల ధర అందులో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం: పాత బ్యారన్‌ల రోజుల్లో కట్టె చవక, అడవి పక్కనే ఉంది, పదో వంతు కోసం ఎవడు తాపత్రయపడతాడు? ఇందులో నిజముంది. పోలవరం, బుట్టాయగూడెం వైపు ఏజెన్సీ అడవులు మెట్టకు కూతవేటు దూరంలో ఉన్నాయి, మెట్టలో మామిడి, జీడి తోటలు పాతబడితే కొట్టేసిన చెట్లన్నీ కట్టెలే. ఖరీదంతా బండి బాడుగే అయినంతకాలం పొయ్యి ఎంత తిన్నా చెల్లింది. అప్పటి రైతు చేసింది తెలివితక్కువ పనేమీ కాదు, కట్టె చవగ్గా ఉన్నప్పుడు రేకు కొనడమే దండగ. కానీ ఆ చవకతనం నిలవలేదు. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది, అడవి కట్టె మీద నిఘా పెరిగింది. రైతులు సొంతంగా పెంచుకునే సుబాబుల్, సరుగుడు, జామాయిల్‌ల వైపు తిరిగేసరికి అక్కడ వేరే గిరాకీదారు కాచుకుని ఉన్నాడు. రాజమండ్రి కాగితం మిల్లుకు అవే కర్రలు కావాలి. 1979లో సారపాకలో ఉత్పత్తి మొదలుపెట్టిన భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌కూ అవే కావాలి. సారపాక మిల్లు ఐటీసీదే, అంటే పేరు మారిన ఇంపీరియల్ టొబాకోదే. మెట్ట ఆకును కొనే కంపెనీయే ఆ ఆకును కాల్చే కర్రకు కూడా పోటీదారు అయిందన్నమాట. ఇందులో కుట్ర ఉందని నేననను, వ్యాపారం అలాగే కుదిరింది. చవక కట్టెకు అలవాటుపడిన పొయ్యి మాత్రం ఖరీదైన కట్టెను కూడా అదే ఆకలితో తింటూ పోయింది.

ఇంకొక అభ్యంతరం పల్లె గురించి మనకున్న ముచ్చటైన ఊహ నుంచి వస్తుంది. మన ఊళ్ళలో పొయ్యి మరమ్మతుకు డబ్బు ఖర్చేముంది, ఇంట్లో పొయ్యి అలుక్కున్నట్టే, బెల్లం వండే గానుగ పొయ్యి మెత్తుకున్నట్టే ఇదీ చేసుకునేవారు కదా అని. ఇంటి పొయ్యికి కావలసినవి మట్టి, ఊక, పేడ, ఆడవాళ్ళ శ్రమ, ఈ చివరిదాన్ని ఎవరూ ఖర్చుగా లెక్కపెట్టలేదనుకోండి. గానుగ పొయ్యీ దాదాపు అంతే, పైన పెట్టే పెనం ఒక్కటే కొనుగోలు సరుకు. బ్యారన్ అలాంటిది కాదు. దాని ప్రాణం రేకులో ఉంది, రేకు ఊళ్ళో పుట్టదు. 1941లో ఇనుము, ఉక్కు మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చాక రేకు కావలసినవాడు పర్మిట్ కోసం తిరగాల్సి వచ్చింది, యుద్ధం ముగిసినా ఆ నియంత్రణ వెంటనే పోలేదు. అంటే మరమ్మతు అన్నది మొదటినుంచీ పూర్తిగా ఊరి చేతుల్లో లేదు. మట్టి పని రైతు చేతిలో ఉంది, లోహపు పని మార్కెట్ చేతిలో ఉంది. తన చేతిలో ఉన్నదాన్ని రైతు ఏటా చేశాడు, రెండోదాన్ని ఏళ్ళకేళ్ళు నెట్టుకొచ్చాడు. చిల్లి మీద రేకు ముక్క వేసి మట్టి మెత్తడం అందుకే అంత పెద్ద కళగా వర్ధిల్లింది.

ఇప్పుడు సొంతదారూ కౌలుదారూ సంగతి. టొబాకో బోర్డు చట్టం 1975లో వచ్చింది, గుంటూరు కేంద్రంగా 1976 జనవరిలో బోర్డు పని మొదలుపెట్టింది. అప్పటినుంచి వర్జీనియా పండించేవాడు బోర్డు దగ్గర నమోదు కావాలి, బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి, ఎంత పండించవచ్చో బోర్డు చెబుతుంది. ఆంధ్రాలో 1985లో వేలం మొదలైంది, గోదావరి మెట్టలో దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం కేంద్రాలు, జంగారెడ్డిగూడెంలో రెండు వెలిశాయి. వేలం వల్ల రైతుకు మేలే జరిగింది, వ్యాపారి ఇంటి ముందు నిలబడి వాడు చెప్పిన ధరకు తలూపే రోజులు పోయాయి. దాంతోపాటే ఒక వింత పుట్టింది. పండించే పరిమితి బ్యారన్‌ను బట్టి ఉంది గనక బ్యారన్ విలువ దాని గోడల్లో, గొట్టాల్లో కాక లైసెన్సు కాగితంలోకి మారింది. సొంతంగా పొగాకు వేయలేనివాడు బ్యారన్‌ను కౌలుకిచ్చి కూర్చోవచ్చు. కౌలుదారు ఒక్క సీజన్‌కు తీసుకుంటాడు. కొత్త గొట్టాలు వేయిస్తే అయిదారేళ్ళు పనికొస్తాయి, వచ్చే ఏడు ఆ బ్యారన్ తనకే దక్కుతుందన్న నమ్మకం లేనివాడు వాటికెందుకు పెడతాడు? సొంతదారుకేమో కట్టెల ఖర్చు తనది కాదు, ఆకు గ్రేడు తనది కాదు, గొట్టాలు ఎలా ఉన్నా లైసెన్సు మీద కౌలు వస్తూనే ఉంటుంది. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదు, చిల్లి మాత్రం అలాగే ఉండిపోతుంది.

పరిశోధన సంస్థవాళ్ళు, బోర్డు అధికారులు దీనికి వేరే సమాధానం చెబుతారు: గ్రేటు మార్చమన్నాం, గొట్టాలు సరిచేసుకోమన్నాం, కప్పు గుండా వేడి పోకుండా చూసుకోమన్నాం, వెంటిలేటర్లు అమర్చుకోమన్నాం, రైతు వినలేదు. ఈ సలహాలు మంచివే, రాజమండ్రి నుంచి వచ్చిన శాస్త్రంలో లోపం వెతకడం నా ఉద్దేశం కాదు. కానీ సలహా ఏ నెలలో చేరింది, ఆ నెలలో రైతు చేతిలో ఏముంది అని చూడాలి. వేలం ఆగస్టు దాకా సాగుతుంది. వచ్చిన డబ్బు బ్యాంకు అప్పుకు, చేబదుళ్ళకు, ఇంటి ఖర్చుకు పోగా మిగిలినదాంతో అక్టోబరు, నవంబరులో నాట్లు వేయాలి, ఎరువులు కొనాలి, కూలి ఇవ్వాలి. పొయ్యి మరమ్మతుకు సరైన సమయం కూడా అదే. ఆ వరసలో నిలబడిన ఖర్చుల్లో ఆగగలిగేది పొయ్యి ఒక్కటే. నారు ఆగదు, కూలీ ఆగడు. తోసేయగలిగిన ఖర్చే వెనక్కి పోతుంది. పైగా ఏడాది ఏడాదికీ నమ్మకం లేని పంట ఇది. 2000-01లో ఆంధ్రాలో ఏకంగా పంట విరామమే ప్రకటించారు, ఆ ఏడు బ్యారన్‌లన్నీ చల్లగా పడి ఉన్నాయి. అంతకుముందు సంవత్సరం కొత్త గొట్టాలు వేయించుకున్నవాడు మంట చూడని గొట్టాలను తుప్పుకు అప్పగించాడు. ఆ అనుభవం తర్వాత 'రేకు మీద పెట్టుబడి పెట్టు' అన్న సలహా ఎవరి చెవికెక్కుతుంది?

ఇలా కాకుండా జరిగిన చోటు ఒకటుంది కాబట్టే ఇదంతా విధి అనుకోనవసరం లేదు. అమెరికాలో 1970ల నాటికి చాలామంది రైతులు గ్యాస్ మంటను నేరుగా బ్యారన్‌లోకే వదిలే పద్ధతికి మారారు. ఆ మంట వాయువులు ఆకును తాకడం వల్ల క్యాన్సర్ కారకమైన నైట్రోసమైన్‌లు పెరుగుతున్నాయని తేలాక, 2000-01 ప్రాంతంలో బ్యారన్‌లన్నిటికీ మళ్ళీ వేడిని మాత్రమే లోపలికి పంపే అమరిక పెట్టించారు. మన రేకు గొట్టం మొదటినుంచీ చేస్తున్న పని అదే, మంట వాయువులు తాకని ఆకు కోసం వాళ్ళు వెనక్కి తిరిగి రావాల్సి వచ్చింది. ముఖ్యమైన సంగతి, ఆ మార్పిడి ఖర్చులో కొంత కొనుగోలు కంపెనీలే భరించాయి. తమకు కావలసిన నాణ్యత పొయ్యిలో ఉందని గుర్తించాక, పొయ్యి ఖర్చును రైతు సొంత విషయంగా వదిలేయడం వాళ్ళకు కుదరలేదు. మెట్టలో కంపెనీలు విత్తనానికి, నారుమడికి, సాగు సలహాలకు ఇచ్చిన పట్టింపు గొట్టానికి ఇవ్వలేదు. నారుమడి దగ్గర తప్పు జరిగితే కంపెనీకి ఆకు తగ్గుతుంది. గొట్టం దగ్గర తప్పు జరిగితే ఆకు గ్రేడు తగ్గి తక్కువ ధరకు కంపెనీకే చేరుతుంది, నష్టం ధరలో తేలిపోయి రైతు దగ్గరే ఆగుతుంది.

చివరి అభ్యంతరం గట్టిది. పొగాకు ప్రాణాలు తీసే పంట. సిగరెట్లను కట్టడి చేసే చట్టం 2003లో వచ్చింది, పొగాకు నియంత్రణ మీద అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం 2004లో ఆమోదించింది. పోవాల్సిన పంటకు పొయ్యి బాగుచేసుకునే దారి చెప్పడమెందుకు? పంట తగ్గాలన్న మాటతో నాకు పేచీ లేదు, మెట్టలో ఆయిల్‌పామ్, కోకో, మొక్కజొన్న వైపు వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ చెడిన పొయ్యి పొగాకును తగ్గించదు. లైసెన్సు ఉన్నంతకాలం అదే ముప్ఫై క్వింటాళ్ళ ఆకు వస్తుంది, దానికి టన్ను కట్టె ఎక్కువ కాలుతుంది, కాపలా మనిషి ఊపిరితిత్తుల్లోకి ఇంకాస్త పొగ వెళుతుంది, రైతు చేతికి ఇంకాస్త తక్కువ వస్తుంది. తక్కువ వచ్చినవాడు పంట మారడానికి కావలసిన పెట్టుబడి కూడబెట్టలేడు. ఆయిల్‌పామ్ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, ఆ మూడు నాలుగేళ్ళు ఇల్లు గడవడానికి ఏదో ఒకటి మిగిలి ఉండాలి. పొగాకు మానేయాలనుకున్న రైతుకు కూడా ఆ డబ్బు పొగాకు నుంచే రావాలి, అది బిగువైన గొట్టాలున్న బ్యారన్‌లో మిగిలినంతగా చిల్లుల బ్యారన్‌లో మిగలదు.

ఈ మధ్య కర్రలకు ఆకు కట్టే పని లేకుండా విడి ఆకును నింపి, ఫ్యాన్‌తో వేడిగాలి తోసే కొత్త రకం బ్యారన్‌లు మెట్టలోకి వచ్చాయి. వాటిని పొగిడేవాళ్ళు కూలి ఆదాను ముందు చెబుతారు, అది నిజమే. కూలీలు దొరకని కాలంలో ఆకు కట్టే మనుషులు అక్కర్లేకపోవడం చిన్న సంగతి కాదు. మరమ్మతు కోణంలో చూస్తే మాత్రం పాత కథే ఇంకో మెట్టు పైకెక్కింది. పాత బ్యారన్‌లో కనీసం సగం పని మట్టిది, ఊరి మేస్త్రిది. కొత్తదానిలో మోటారు ఉంది, కరెంటు ఉంది, అర్ధరాత్రి ఫ్యాన్ ఆగిపోతే బాగుచేసే మనిషి పట్నం నుంచి రావాలి. దాన్ని పెట్టుకోవడానికి ఎంతవుతుందని అందరూ అడుగుతున్నారు. అయిదో ఏట దాని వేడిగొట్టాల గది తుప్పుపడితే, ఆ బిల్లు లైసెన్సు ఉన్నవాడు కట్టాలా, ఆ ఏడు కౌలుకు తీసుకున్నవాడు కట్టాలా అన్న మాట కౌలు ఒప్పందాల్లో చేరితే తప్ప, కట్టెల పద్దు మళ్ళీ పెరుగుతూనే ఉంటుంది.